ఐదు కిలోల లోపు

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల అయ్యవారు సంతోషం పట్టలేక పిల్లలందరికీ బొరుగులు పంచిపెట్టారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆయన పంచింది బెల్లం. నాకు కూడా ఒక ముక్క ఇచ్చి, "రేపట్నుంచి రావద్దు నాయనా, ఇంటికాడనే ఉండి బాగుపడు" అన్నాడు. ఆ బెల్లం తిన్న నోటితోనే ఇన్నేళ్లు బతికాను. చేతులతో చేసిన పని తక్కువ, నోటితో చేసిన పని ఎక్కువ.

తాడిపత్రి బండల యార్డులో నా ఉద్యోగం అదే. వచ్చిన బేరగాణ్ని కూర్చోబెట్టడం, టీ తెప్పించడం, నవ్వించడం, బండ మీద కనబడే గీత లోపం కాదు, దేవుడు పెట్టిన డిజైను అని నమ్మించడం. లోడింగ్ అయ్యాక లారీ డ్రైవరు చేతిలో చీటీ పెట్టడం. చీటీ అడుగున ఎప్పుడూ ఒకే మాట ఉంటుంది: బాడుగ కొన్నవాడిది. మా యార్డుల్లో అది రాజ్యాంగం. బండ మాది, బాడుగ మీది. సరుకు గేటు దాటాక అది ఏ ఊరు పోతుందో, ఎవడు దించుకుంటాడో, ఎవడి నడుము పట్టేస్తుందో మాకు అనవసరం.

మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే యార్డులో కటింగ్ మిషను మీద పనిచేసేవాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నేను వంద మాటలంటే ఆయన ఒకటి అంటాడు, అందులో కూడా సగం తలూపడంతో సరిపెడతాడు. సాయంత్రం మిషను ఆపి బయటికొస్తే ఆయన కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. "ఏం బావా, నాటకంలో ముసలోడి వేషం దొరికిందా?" అనేవాణ్ని. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి నా మీద దులిపేవాడు. అదే ఆయన జవాబు.

ఒక ఎండాకాలం ఆయనకు దగ్గు పట్టుకుంది, వదల్లేదు. మాత్రలు, కషాయం, మిరియాల పాలు అన్నీ అయ్యాయి. చివరికి అనంతపురం పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఛాతీ ఫోటోను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బీడీ తాగుతావా?"

"లేదు సార్."

"సిగరెట్?"

"లేదు సార్."

"మరి ఏం పని చేస్తావు?"

"బండలు కోస్తా సార్."

డాక్టరు ఫోటో కిందికి దించాడు. ఇక ప్రశ్నలు లేవు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని, పాడైపోయింది తిరిగి రాదని, మిగిలిందాన్ని కాపాడుకోవాలంటే పొడి ఉన్నచోట అడుగు పెట్టకూడదని చెప్పాడు. ఇంకా వయసుంది, వేరే పని చూసుకోమన్నాడు.

తిరుగు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని ఫోటో కవరు ఒళ్లో పెట్టుకున్నాడు. "బావా, లోపల ఎంత సరుకుండాదో తూకం వేయించింటే ఓనరుకు బిల్లు పంపిస్తుంటిమి" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి బస్సు రెండు ఊళ్లు దాటింది. ఆ తర్వాత ఆయన్ను నవ్వించాలంటే ముందు ఒకసారి ఆలోచించుకునేవాణ్ని.

వేరే పని అంటే ఏముంది ఆయనకు? వాళ్ల నాయన రోళ్లు, కల్వాలు చెక్కినవాడు. మిషన్లు రాకముందు ఊరూరా తిరిగి, ఇంటి ముందరే కూర్చుని చెక్కి ఇచ్చేవాడట. బావకు ఆ పని చిన్నప్పుడే చేతికొచ్చింది. యార్డులో నల్ల గ్రానైటు తునకలు పనికిరానివి కుప్పగా పడి ఉంటాయి, ఓనరు తీసుకుపొమ్మన్నాడు. ఉలితో కొడితే రాయి పెళ్లలుగా లేస్తుంది గాని మిషను మాదిరి పొడి లేవదు. తడిగుడ్డ వేసి, ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేట్టు కూర్చుంటే ఆ కాస్తా కూడా అటే పోతుంది. ఇంటి ముందర రేకుల పందిరి ఉంది. ఉలి ఉంది, సుత్తి ఉంది. అమ్మేవాడే లేడు. ఊళ్లో అందరి ఇళ్లలో మిక్సీలే. కల్వం కావాలనేవాళ్లు ఇప్పుడు బెంగుళూరు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉన్నారట, ఫోనులో కొంటారట.

"రోజుకు ఒకటి అమ్ముడుపోతే ఇల్లు జరుగుతాది. అమ్ముడుపోతే ఈయన్ను మళ్లీ మిషను కాడికి పోనియ్యను" అని అక్క తేల్చేసింది.

"అమ్ముడుపోకపోతేనో?" అన్నాను.

"పోవాల. నీ నోరు ఎందుకుండాది మళ్లా?"

కాబట్టి సంగతి అదీ. రోజుకొక కల్వం పోతే బావ పొడికి దూరంగా ఉంటాడు, పోకపోతే మిషను కాడికి పోతాడు. మధ్యలో ఫోను పట్టుకుని నేను.

కల్వాన్ని అక్క పట్టుచీర మీద పెట్టి ఫోటోలు తీశాను. "దాని కింద తుడిచినావా లేదా?" అని అక్క కేకలేసింది. తుడవలేదు. ఫోనులో సరుకులమ్మే చోట పేరు రాశాను, ధర రాశాను. అప్పుడు ఫోను అడిగింది: డెలివరీ ఛార్జీ ఎట్లా వసూలు చేస్తారు? కింద నాలుగు గుండ్రాలు. ఉచితం. అన్ని ఊళ్లకూ ఒకటే రేటు. బరువును బట్టి. అందుకున్నప్పుడు కొన్నవారు కట్టేది. బడిలో కూడా ఇట్లాంటి ప్రశ్నలే వచ్చేవి, సరైనదానికి టిక్కు పెట్టమని. అప్పుడు పక్కవాడిది చూసి పెట్టేవాణ్ని. ఇప్పుడు పక్కన శనక్కాయలు వలుస్తూ అక్క ఒకతే ఉంది.

"అక్కా, బాడుగ ఎవరితో కట్టిద్దాం?"

"అదేం అడుగుతావురా? కొన్నోడే కదా కట్టేది."

నాకూ అదే తెలుసు. ఇన్నేళ్లు చీటీల మీద నేను రాసిందీ అదే. నాలుగో గుండ్రం నొక్కాను. ఇందులో ఆలోచించాల్సింది ఇంకేమైనా ఉందని మా ఇద్దరికీ తోచలేదు. బండలూళ్లో పుట్టినవాళ్లకు తోచదు.

మొదటి కల్వం హైదరాబాదుకు పోయింది. చుట్టూ శనక్కాయ పొట్టు పోసి, నూరే గుండుకు పాత లుంగీ గుడ్డ చుట్టి, పెట్టెకు టేపు వేశాం. కొరియర్ మనిషి పెట్టె ఎత్తి, "ఏందన్నా లోపల, శవమా?" అన్నాడు. ఎనిమిది రోజులకు అదే పెట్టె, అదే మనిషి.

"పార్టీ తీసుకోలేదంటన్నా. బాడుగ కట్టమంటే తలుపేసుకున్నాడంట. పోయిన బాడుగ, వచ్చిన బాడుగ రెండూ మీకే పడతాయి."

బావ పెట్టె విప్పి కల్వాన్ని తిప్పి తిప్పి చూశాడు, ఎక్కడైనా చిట్లిందేమోనని. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎట్లుండాదంట హైదరాబాదు?" అన్నాన్నేను. "దాన్నే అడుగు. మన ఇంట్లో ఎవరూ పోలేదు, అదొకటే పోయొచ్చింది" అన్నాడు. అంత పెద్ద మాట ఆయన నోట వినడం అదే మొదలు.

అట్లా ఇంకా రెండు పోయి తిరిగొచ్చాయి. లారీలో బండలు తెప్పించుకునేవాడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో తానే వచ్చి నిలబడతాడు, ఇల్లు సగం కట్టి ఉంటుంది కాబట్టి. ఫోనులో కొనేవాడికి తలుపు తీయడమే ఎక్కువ. అక్కడ చేతులు చాపి అడిగితే వాడికి అది బాడుగలా కనబడదు, దోపిడీలా కనబడుతుంది.

సరే అని మూడో గుండ్రం నొక్కాను. బరువును బట్టి, ముందే కట్టాలి. ఇది న్యాయం అనిపించింది. రాయి ధర రాయికి, మోసిన ధర మోసినవాడికి. జనం వచ్చేవాళ్లు, కల్వాన్ని చూసేవాళ్లు, బుట్టలో వేసుకునేవాళ్లు, చివరికొచ్చి బాడుగ చూసి బుట్టను నడివీధిలో వదిలేసి పోయేవాళ్లు. అదంతా ఫోనులో నాకు కనబడేది. ఒకామె ఫోను చేసి మరీ అడిగింది.

"ఏవండీ, కల్వం కన్నా దాన్ని పంపించే ఖర్చే ఎక్కువుందేంటండీ?"

"అమ్మా, కల్వానికి కాళ్లు లేవు కదమ్మా. ఉండింటే నడిపించి పంపిస్తుంటిమి."

ఆమె గట్టిగా నవ్వింది. "మీరు భలే మాట్లాడతారండీ" అని పెట్టేసింది. కొనలేదు.

గోడ పక్కన కల్వాలు వరసగా చేరాయి. మొదట ఐదు, తర్వాత తొమ్మిది, తర్వాత పదకొండు. బావ రోజూ ఒకటి చెక్కి ఆ వరస చివర పెట్టేవాడు. ఒక పొద్దున తువ్వాలు తలకు చుట్టుకుని చెప్పులేసుకున్నాడు. అక్క వాకిట్లో అడ్డం నిలబడింది.

"యాడికి?"

"మిషను కాడికి. ఒక వారం."

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"డాక్టరు బియ్యం పంపిస్తాడా?"

అక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆయన ఆమె పక్కనుంచి దాటుకుని పోయాడు. నేను అక్కడే, ఆ మెట్టు మీదనే కూర్చుని ఫోను తెరిచి మొదటి గుండ్రం నొక్కాను. ఉచితం. బాడుగ మొత్తం తీసుకొచ్చి కల్వం ధరలో కలిపేశాను. ఇంటికే వస్తుంది, చేర్చినందుకు పైసా అడగం అని పెద్ద అక్షరాలతో రాశాను.

అదే సొమ్ము. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టానంతే. ఆ సాయంత్రమే రెండు పోయాయి. మర్నాడు ఒకటి. నాలుగు రోజులు మిషను కాడికి పోయిన బావ ఐదో రోజు ఇంటి పట్టునే ఉన్నాడు. అక్క ఆ రోజు ఊరిబిండి పచ్చడి నూరింది, గోడ పక్కనున్న కల్వాల్లో ఒకదాన్ని తెచ్చుకుని. మా ఇంట్లో చివరిసారి అందరం కూర్చుని నవ్వుకుంటూ తిన్నది అదే అనుకుంటాను. ఖచ్చితంగా గుర్తులేదు.

కణేకల్లు నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద నేరుగా ఇంటికే వచ్చాడు, ఫోనులో మా కల్వం బొమ్మ చూపించుకుంటూ.

"అన్నా, నా పెట్రోలు పోసుకుని నేనే వచ్చినా. మరి ఈ ఉచిత డెలివరీ నాకు యాడుండాది?"

"అట్లయితే నువ్వు ఇంటికి పోప్పా, వెనకాలే పంపిస్తా. ఉచితంగానే."

"ఏమప్పా, నన్ను ఎగతాళి చేస్తాండావా?" అన్నాడు గాని ఆయనా నవ్వాడు. కొంత తగ్గించి ఇచ్చాను. బావ దాన్ని స్వయంగా మోసుకుపోయి బండికి కట్టాడు.

నెల తిరిగాక కొరియర్ వాళ్ల బిల్లు వచ్చింది. నేను అనుకున్నదానికి రెండింతలు. పోయి గొడవపడ్డాను. అక్కడున్నతను ఓపికగానే చెప్పాడు. ఐదు కిలోల దాకా ఒక రేటు. ఐదు దాటితే, ఒక్క గ్రాము దాటినా సరే, పది కిలోల రేటు. మధ్యలో ఏమీ లేదు. మా వీధి కిరాణా కొట్టులో పెట్టెను కాటా మీద పెట్టించాను. కల్వం, గుండు, పొట్టు, పెట్టె అన్నీ కలిపి ఐదు కిలోల మూడు వందలు. అంటే కల్వానికొకసారి నాలుగు కిలోల ఏడు వందల గ్రాముల గాలికి మేం బాడుగ కడుతున్నాం.

ధర పెంచితే ఎవరూ కొనరు. కల్వం చిన్నది చేయమంటే బావ ఒప్పుకోలేదు. లోపల పిడికిలి తిరగాలి, అది వాళ్ల నాయన చెప్పిన కొలత. పొట్టు తగ్గించి పంపితే గుండు పోయి అంచుకు తగిలి చిట్లింది. గోడ పక్కన చెక్కినవి ఇంకా ఉన్నాయి. నేను ఒకదాన్ని బోర్లించి అడుగు చూశాను. మందంగా ఉంది. నాలుగు వేళ్లు.

"బావా, ఈడ ఇంత మందం ఎందుకు? ఈ అడుగు కొంచెం తీసేస్తే ఐదు కిలోల లోపల పడిపోతాది కదా."

"అడుగు తీస్తే కల్వం నిలబడదప్పా. నూరేటప్పుడు పక్కకు జరుగుతాది."

"జరిగితే జరగనీ. కొన్నోళ్లు ఎవరు నూరుతాండారు బావా? హాల్లో పెట్టుకుని వచ్చినోళ్లకు చూపించుకుంటారు."

 ఆయన అరచేత్తో ఆ అడుగును రెండుసార్లు నిమిరాడు. తర్వాత తలూపాడు.

ఉలితో మొదలుపెట్టాడు. చెక్కేసిన కల్వాన్ని బోర్లించి కొడితే దెబ్బ అంచుకు పోతుంది. రెండు పగిలాయి. ముందే అడుగు పలచగా పెట్టుకుని చెక్కుదామంటే లోపల తవ్వే దెబ్బకు అది ఆగదు. అప్పుడు నేనే యార్డులో పాత సామాను పడి ఉండేచోట నుంచి చేతి గ్రైండరు ఒకటి తెచ్చాను, కొత్త బిళ్ల వేయించాను. తడుపుతూ అరగదీస్తే పొడి లేవదు, అది మాకు తెలియని సంగతి కాదు. కానీ చేతిలో కరెంటు, మీద నీళ్లు అంటే షాకు భయం. పైగా కొళాయి ఐదు రోజులకోసారి వస్తుంది, ఇంట్లో ఉండేవి రెండు డ్రమ్ములు, వాటిమీద అక్క మూతలు పెట్టి రాళ్లు పెట్టి ఉంటుంది. "రెండు నిమిషాల పని బావా, మూతికి గుడ్డ కట్టుకో" అన్నాను. పొడి లేచి పక్కింటివాళ్లు ఆరబెట్టిన వడియాల మీద పడిందని వాళ్లు గొడవ చేశారు. వాళ్ల తప్పేం లేదు. పందిరికి నాలుగు వైపులా టార్పాలిన్ కట్టాను. పొడి బయటికి పోకుండా. నాలుగు మూలలూ నేనే కట్టాను, లారీ మీద సరుకుకు కట్టినట్టు, గాలికి కూడా ఊడకుండా.

అడుగు తీసిన మొదటి కల్వాన్ని పెట్టెలో పెట్టి కాటా మీదికెక్కిస్తే నాలుగు కిలోల తొమ్మిది వందల తొంభై చూపించింది. నేను ఆ అంకెను ఫోటో తీసుకున్నాను. బడిలో ఏ లెక్కకూ నాకు సరైన జవాబు రాలేదు, ఇదొక్కటి వచ్చింది. ఇంటికొచ్చి అక్కకు చూపిస్తే ఆమె చేతులు కడుక్కుని మరీ ఫోను పట్టుకుని చూసింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. రోజుకొకటి, పండగల ముందు రెండేసి. బావ మిషను ముఖం చూడలేదు. "మా ఆయన మిషను మానేసినాడు" అని అక్క కొళాయి దగ్గర చెప్పుకునేది. అది అబద్ధం కాదు. పొద్దున చెక్కడం, మధ్యాహ్నం టార్పాలిన్ లోపలికి పోయి అడుగు తీయడం. సాయంత్రం అక్క పందిరి చిమ్మేది. చాటకెత్తి కాలవ గట్టున పోసేది. రెండు చాటలు, ఒక్కోరోజు మూడు. పెట్టె మీద చిరునామా రాస్తూ నేను ఆమె అట్లా చాట పట్టుకుని పోవడం రోజూ చూసేవాణ్ని. కల్వం ముందు ఎంత బరువుందో, తర్వాత ఎంత బరువుందో నాకు నోటికి తెలుసు. మధ్యలో తగ్గింది ఎక్కడికి పోతోందో నేను ఆలోచించలేదు. చాటలోకి కొంత పోయింది.

దగ్గు ఎప్పుడు మళ్లీ మొదలైందో చెప్పలేను. పాత దగ్గే అనుకున్నాం. పెట్టెలు గుమ్మం దాకా తానే మోసుకొచ్చేవాడు, అది మానేశాడు. తర్వాత లేచి నిలబడగానే గోడ పట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఏం బావా, గోడ పడిపోతాదనా?" అన్నాను. తువ్వాలు భుజం మీదనే ఉంది. తీయలేదు. ముద్ద సగం తిని పళ్లెం జరిపేవాడు, తినడానికి ఊపిరి చాలదని మాకు చెప్పలేదు, ఆకలి లేదనేవాడు. దీపావళికి ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి. అవి పంపించాకనే ఆసుపత్రికి పోదామన్నాడు. సరే అన్నాను. సరే అన్నది నేనే.

అదే డాక్టరు. ఈసారి రెండు ఫోటోలు, పాతదీ కొత్తదీ, పక్కపక్కన పెట్టాడు.

"మిషను మానేయమన్నాను కదా?"

"మానేసినా సార్. ఏడాది దాటింది."

"మరి ఇంట్లో ఏమైనా పని చేస్తున్నావా?"

బావ నా వైపు చూడలేదు. "కల్వాలు చెక్కుతా సార్. అడుగు గ్రైండరుతో తీస్తా."

"అడుగు ఎందుకు తీయడం?"

"ఐదు కిలోల లోపల ఉండాల సార్."

డాక్టరుకు అర్థం కాలేదు. చెప్పాల్సింది నేనే కాబట్టి నేనే చెప్పాను. ఐదు కిలోల రేటు, పది కిలోల రేటు, బుట్ట వదిలేసి పోయేవాళ్లు, ఉచితం అని రాస్తే కొనేవాళ్లు, అన్నీ వరసగా, బేరగాడికి చెప్పినట్టే చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆరుబయటేనా?"

"టార్పాలిన్ కట్టినాం సార్. పక్కింటోళ్ల మీద పడతాండాదని."

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి రాశాడు. ఇక ఏ పనీ వద్దని, ఇంట్లో ఊపిరందించే గాలి మిషను పెట్టుకోవాలని, రోజుకు ఇన్ని గంటలని.

ఆ నిమిషంలో నీకేమనిపించిందని తర్వాత ఒకరిద్దరు అడిగారు. ఏమీ అనిపించలేదు. ఆ గదిలో ఫ్యానుకు ఒక రెక్క రంగు పోయి ఉంది. తిరుగుతున్నంతసేపు అది ఏ రెక్కో తెలియదు. కరెంటు పోయి ఆగినప్పుడు తెలిసింది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. బయటికొచ్చి రెండు టీలు చెప్పాను, చక్కెర తక్కువ వేయమన్నాను. ఎందుకన్నానో తెలియదు, మా ఇద్దరిలో ఎవరికీ షుగరు లేదు. బావ గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగాలని చూశాడు. ఊదడం కుదరలేదు. చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక టార్పాలిన్ విప్పబోయాను. ముడులు ఊడలేదు. కత్తితో తెగ్గోశాను. మడతల్లోంచి పొడి జలజలా రాలింది, నా తల మీద, భుజాల మీద. దులుపుకుని స్నానం చేశాను. గ్రైండరు తీసుకుపోయి యార్డులో ఆ పాత సామానులోనే పడేశాను. ఫోను తెరిచి మూడో గుండ్రం నొక్కాను. బరువును బట్టి, కొన్నవాళ్లే కట్టాలి. అడుగు తీయని కల్వాలు ఆరు మిగిలాయి, వాటి అసలు బరువు రాశాను. నెలకొకటి పోతే గొప్ప. అడిగేవాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఉచితంగా పంపలేరా అని. పంపలేమండి అంటాను. అంతకుమించి ఏమీ చెప్పను.

యార్డుకు రోజూ పోతున్నాను. బేరగాళ్లు నవ్వుతూనే ఉన్నారు. అంటే నేను జోకులు వేస్తూనే ఉన్నట్టు. సాయంత్రం ఇంటికొచ్చి గాలి మిషను పక్కన కూర్చుంటాను. అది గురకపెట్టినట్టు ఒకే చప్పుడు చేస్తుంది. కరెంటు పోతే ముగ్గురం తలెత్తి దాని వైపు చూస్తాం. వచ్చాక తలలు దించుకుంటాం.

మొన్న ఒక సాయంత్రం అట్లాగే కూర్చుని ఉంటే ఫోను మోగింది. ఎప్పుడో దీపావళికి కొన్నామె, ఎక్కడో దూరపు ఊరు, ఇప్పుడు తీరిగ్గా తన అభిప్రాయం రాసింది. ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చింది. బావ మంచం మీద, ముక్కుకు గొట్టం పెట్టుకుని, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఆయనకు వినిపిద్దామని పైకి చదివాను. రాతిది అంటే ఎత్తలేనేమోనని భయపడ్డానని, తీరా చూస్తే భలే తేలిగ్గా ఉందని, ఒక్క చేత్తో ఎత్తేస్తున్నానని, వాళ్ల వదినకు కూడా ఒకటి కావాలని.

బావ పెదాలు కొంచెం కదిలాయి. నవ్వో, గాలి కోసమో తెలియలేదు. అక్క గుమ్మంలో కూర్చుని కందిపప్పులో రాళ్లేరుతోంది, తలెత్తలేదు. నేనే మళ్లీ అందుకున్నాను.

"చూసినావా అక్కా, తేలిగ్గుండాదని ఎంత మెచ్చుకుంటాండాదో."

అక్క చాట పక్కన పెట్టింది.

"అంత తేలిగ్గుండేది కావాల్నంటే ప్లాస్టిక్‌ది కొనుక్కోమని ఆ పొద్దే చెప్పలేకపోతివా?"